చాటింపు విన్న ఎలుకలు

మీ ఇంట్లో ఎప్పుడైనా పాడి ఉండేదా? ఉంటే ఈ ముచ్చట మీకు నేను చెప్పనక్కర్లేదు. కట్టు విప్పగానే దూడ ఉరుకుతుంది. పొదుగును మూతితో నాలుగుసార్లు కుమ్మి, చన్ను అందుకుని చప్పరిస్తుంది. అప్పుడుగానీ గేదె చేపదు. చేపిందంటే ఇక తపేలాలో ధారలే ధారలు. అదే, రోజూ పితికే మనిషి ఊరెళ్లి కొత్తవాళ్లు వచ్చి కూర్చున్నా, పక్కన కుక్క మొరిగినా, ఎగచేపేస్తుంది. పొదుగు నిండా పాలుంటాయి, చుక్క బయటికి రాదు. అప్పుడు తవుడు పెట్టాలి, గంగడోలు నిమరాలి, పేరు పెట్టి పిలిచి బుజ్జగించాలి. పాలు పితకడం చేతి పని ఒక్కటే అనుకునేవాడు పాడి చేయలేడని మన పెద్దవాళ్లకు తెలుసు.

ఇదే సంగతిని 1941లో అమెరికాలో ఎలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పరీక్షకు పెట్టారు. ఎలా పెట్టారో వినండి. ఆవు వీపు మీద పిల్లిని ఎక్కించారు. పక్కనే నిలబడి పది సెకన్లకోసారి కాగితం సంచులు ఊది పగలగొట్టారు. ఆవు పాలివ్వలేదు. ఇంతవరకూ ఏ రైతయినా చెప్పగలడు. వాళ్లు ఇంకో అడుగు వేశారు. పొదుగులో ఒక సగానికి వెళ్లే నరాలు తెంచి చూశారు. నరాలు తెగిన సగం కూడా చేపింది! అంటే కబురు మెదడు నుంచి పొదుగుకు నరం వెంట రావడం లేదు, రక్తంలో కలిసి వస్తోంది. మెదడు అడుగున వేలాడే పిట్యూటరీ గ్రంథి వెనక భాగం నుంచి ఒక రసాయనం రక్తంలోకి దిగి, పొదుగులోని సన్నటి కండరాలను పిండుతోంది. దాని పేరు మీరు వినే ఉంటారు: ఆక్సిటోసిన్.

పుట్టింట్లోనో ఆస్పత్రిలోనో పురుళ్లు చూసిన ఆడవాళ్లకు ఈ పేరు ఇంకా బాగా తెలుసు. నొప్పులు రాకపోతే సెలైన్‌లో కలిపి ఎక్కించేది ఇదే. కాన్పు కాగానే రక్తం ఆగకుండా పోయే ప్రమాదం ఉంటుంది కదా, దాన్ని ఆపడానికి పొడిచే సూదిమందూ ఇదే. ఈ పిట్యూటరీ సారానికి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం ఉందని 1906లో హెన్రీ డేల్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త రాశాడు. 1953లో విన్సెంట్ డు విన్యో దాన్ని ల్యాబులో తయారుచేసి చూపించాడు. తొమ్మిదంటే తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1955లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎందరు తల్లుల ప్రాణాలు ఈ తొమ్మిది పూసల గొలుసు మీద నిలబడ్డాయో లెక్క కట్టలేం. అందుకే, పాడి పశువులకు దొంగచాటుగా ఈ సూదులు పొడిచే దుర్మార్గాన్ని ఆపాలని 2018లో కేంద్రం దీని తయారీని ఒకే ఒక్క ప్రభుత్వ కంపెనీకి పరిమితం చేసినప్పుడు, కాన్పుల గదిలో మందు కొరత వస్తే ఎలా అని డాక్టర్లు గట్టిగా అడిగారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. గేదెను హింసించేవాణ్ని పట్టుకోవాలి, నిజమే. ఆ పేరు మీద బాలింతకు మందు అందకుండా పోకూడదన్నదే నా మాట కూడా.

ఇదంతా ఒంటి సంగతి, మనసు సంగతి ఎప్పుడు చెబుతావంటారా? వస్తున్నా. 1979లో అమెరికాలోనే పెడర్సన్, ప్రాంజ్ అనే ఇద్దరు, ఇంకా పిల్లల్నే కనని ఆడ ఎలుకల మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కించారు. మామూలుగా అలాంటి ఎలుక పిల్లల జోలికే పోదు. ఈ ఎలుకలు మాత్రం ఎవరి పిల్లల్నో తెచ్చి గూట్లో పెట్టుకుని, నాకి, ఒడిలో పొదువుకున్నాయి. ఆ తర్వాత ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గర కెండ్రిక్, కెవర్న్ గొర్రెల మీద పనిచేశారు. మన గొల్లలను అడగండి, ఈనిన గొర్రె కాసేపట్లోనే తన పిల్ల వాసన పట్టేస్తుంది, పరాయి పిల్ల దగ్గరికొస్తే తలతో కుమ్మి తరిమేస్తుంది. మెదడులోకి ఆక్సిటోసిన్ ఎక్కిస్తే ఆ గొర్రే పరాయి పిల్లను చేరదీసింది. పాలను చేపించే రసాయనమే మెదడులో తల్లితనాన్ని కూడా కదిలిస్తోందన్నమాట. నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు అసలు కథానాయకుల దగ్గరికి వెళదాం. వోల్ అని ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో ఉండే చిన్న జీవి. ఎలుకకు దగ్గరి చుట్టం. బొద్దుగా, పొట్టి తోకతో, బొచ్చులో దాగిన చిన్న చెవులతో ఉంటుంది. గుప్పిట్లో పడుతుంది. ఇల్లినాయి రాష్ట్రంలో లోవెల్ గెట్జ్ అనే ఆయన 1972 నుంచి పాతికేళ్ల పాటు వీటి సంఖ్య ఎందుకు పెరుగుతుందో, ఎందుకు తరుగుతుందో లెక్కలు కట్టాడు. పొలాల్లో బోనులు పెట్టడం, పడ్డవాటిని గుర్తుపెట్టి వదిలేయడం, మళ్లీ పెట్టడం. ఎండనక మంచనక అదే పని. ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఈయనే. ఎందుకంటే తాను వెతుకుతున్నది కాని దాన్ని కూడా ఆయన చూడగలిగాడు. ఒకే బోనులో ఒక మగది, ఒక ఆడది కలిసి పడుతున్నాయి. వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే జంట, మళ్లీ ఒకే బోనులో. మెడకు చిన్న రేడియోలు కట్టి వెంటబడితే, ఒకే గూట్లో కాపురం చేస్తున్నాయని తేలింది. మగది కూడా పిల్లల్ని సాకుతోంది. జతగాడు చచ్చిపోతే ఎక్కువ శాతం ఇంకొకరిని వెతుక్కోలేదు. క్షీరదాల్లో ఇది చాలా అరుదైన సంగతి. పైగా, చూడ్డానికి అచ్చం వీటిలాగే ఉండే మెడో వోల్, కొండల మీద ఉండే మోంటేన్ వోల్ ఇలా బతకవు. వాటిది ఎవరి దారి వారిదే. ఈ జంటలు కట్టేది మాత్రం ప్రెయిరీ వోల్.

రూపంలో కవలల్లాంటి చుట్టాలు, బతుకులో ఆమడ దూరం. మెదళ్లను పరిశోధించేవాళ్లకు ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి! గెట్జ్ తన విశ్వవిద్యాలయంలోనే హార్మోన్ల మీద పనిచేస్తున్న స్యూ కార్టర్‌తో చేయి కలిపాడు. తర్వాత టామ్ ఇన్సెల్, ఆయన దగ్గర ల్యారీ యంగ్, జుయోషిన్ వాంగ్, ఇలా ఒకరి తర్వాత ఒకరు ఈ చిన్న జీవుల చుట్టూ చేరారు.

ల్యాబులో వీళ్లు చేసే పరీక్ష ఒకటుంది, ఎంత సులువో అంత తెలివైనది. మూడు పెట్టెలు, మధ్యలో గొట్టాలు. ఒక చివరి పెట్టెలో మన వోల్ జతగత్తెను మెడకు దారం కట్టి ఉంచుతారు. ఇంకో చివర ఎన్నడూ చూడని కొత్త ఆడదాన్ని అలాగే ఉంచుతారు. మన వోల్‌ను మధ్య పెట్టెలో వదులుతారు. కట్టూ లేదు, అడ్డూ లేదు. 3 గంటలు. ఎవరి పక్కన ఒళ్లు ఒళ్లు ఆనించుకుని ఎంతసేపు కూర్చుంది? అంతే లెక్క. మెడో వోల్ ఎక్కువసేపు ఒంటరిగానే గడిపేస్తుంది. ప్రెయిరీ వోల్ గొట్టాలన్నీ ఒకసారి తిరిగి, రెండు పెట్టెల్లోనూ తొంగిచూసి, తన మనిషి పక్కకే వెళ్లి ఒదిగి కూర్చుంటుంది. మనిషి అన్నాను కదూ, అననివ్వండి. ఒకప్పుడు ఈ వీడియోలను కుర్ర పరిశోధకులు గంటల తరబడి కూర్చుని చూసి, గడియారం నొక్కుతూ లెక్క రాసేవారు. ఇప్పుడు కెమెరా, కంప్యూటరు కలిసి ఆ పని చేస్తున్నాయి.

ఈ పరీక్షతో ఒక్కో ముడీ విప్పుతూ వచ్చారు. 1990ల మొదట్లో తేలింది ఏమంటే, ఆడ ప్రెయిరీ వోల్ మెదడులోకి ఆక్సిటోసిన్ పంపితే జతకట్టకముందే పక్కనున్న మగవాడి మీద మమకారం పెంచుకుంటుంది. మగదానిలో ఆ పనిని ఎక్కువగా వాసోప్రెసిన్ చేస్తుంది. ఇది ఆక్సిటోసిన్‌కు తోబుట్టువు లాంటిది, తొమ్మిదింటిలో రెండే అమైనో ఆమ్లాలు తేడా. అయితే ఇక్కడే మీరు అడగాల్సిన ప్రశ్న ఉంది. మెడో వోల్‌లోనూ మోంటేన్ వోల్‌లోనూ ఈ రసాయనాలు లేవా? ఉన్నాయి. అవే గొలుసులు, అవే పూసలు. మరి వాటికెందుకు జంట బతుకు అబ్బలేదు?

1992లో ఇన్సెల్, షాపిరో దీనికి జవాబు చూపించారు. రెండు రకాల వోల్‌ల మెదళ్లను పల్చటి పొరలుగా కోసి, ఆక్సిటోసిన్‌ను అందుకునే రిసెప్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో రేడియోధార్మిక పదార్థంతో ఫిల్ము మీద పడేట్టు చేశారు. (ఔను, దానికోసం ఆ ప్రాణులు చనిపోవాలి. ఈ కబుర్లలో నేను దాన్ని దాచిపెట్టి ముందుకు వెళ్లలేను. వాటి చావు మీదే ఈ తెలివి నిలబడింది.) ప్రెయిరీ వోల్ ఫిల్ములో న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోట నల్లగా దట్టంగా పడింది. ఆ చోటు సంతోషానికి, తీపి గుర్తుకు, మళ్లీ మళ్లీ కావాలనిపించడానికి సంబంధించింది. మోంటేన్ వోల్‌లో అక్కడ దాదాపు ఖాళీ.

ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేస్తాడు చూడండి, అతని గొంతు ఒక్కటే, మాట ఒక్కటే. ఏ వీధిలో తలుపులు తెరిచి ఉన్నాయన్నదాన్ని బట్టి ఎవరు కదులుతారన్నది ఉంటుంది. హార్మోను కూడా అంతే. రిసెప్టరు ఉన్న చోటే అది వినబడుతుంది, విన్న చోటును బట్టే అది పాలవుతుంది, పురిటినొప్పి అవుతుంది, మమకారమవుతుంది. ఈ పరిశోధనలన్నిటిలో నన్ను పట్టుకున్న విషయం ఇదే. మీకు ఇంకేది గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంటే చాలు.

2004లో ల్యారీ యంగ్ ల్యాబులో మిరాండా లిమ్, తోటివారు దీన్ని తిరగేసి పరీక్షించారు. ఎవరి దారి వారిదే అనుకునే మగ మెడో వోల్‌లను తీసుకుని, హాని చేయని వైరస్ సాయంతో వాసోప్రెసిన్ రిసెప్టరు జన్యువును మెదడు ముందు భాగంలో ఒక్క చోట నాటారు. ఒకే ఒక్క జన్యువు, ఒకే చోట. ఆ మెడో వోల్‌లు పరీక్ష పెట్టెలో తమ జతగత్తె పక్కకు వెళ్లి ఒదిగి కూర్చున్నాయి! లోకమంతా గుప్పుమంది. ప్రేమ జన్యువు దొరికింది, ప్రేమ హార్మోను దొరికింది అని పత్రికలు రాశాయి. మన వార్తల్లోనూ ఆక్సిటోసిన్‌కు ‘ప్రేమ హార్మోను’ అన్న ముద్దుపేరు అతుక్కుపోయింది.

ఆ పేరంటే నాకు కోపం. కోపం ఎందుకంటే, దాని వెంట ఏం జరిగిందో చూడండి. 2005లో జూరిచ్‌లో ఒక బృందం ఆక్సిటోసిన్‌ను ముక్కులోకి కొట్టి, డబ్బు ఒకరి చేతికి ఇచ్చే ఆట ఆడించి, స్ప్రే పీల్చినవాళ్లు ఎదుటివారిని ఎక్కువగా నమ్మారని ప్రకటించింది. ఇక చూడండి, పేరున్న పత్రికల్లో వ్యాసాల మీద వ్యాసాలు. సీసాల్లో ‘నమ్మకం’ అమ్మేవాళ్లూ పుట్టుకొచ్చారు. నిజానికి ముక్కులోకి కొట్టింది మెదడులోకి ఎంత చేరుతుందన్నదే పెద్ద అనుమానం. 2020లో ఇంకా ఎక్కువ మందితో, ముందే నియమాలు రాసిపెట్టుకుని మళ్లీ ఆ పరీక్ష చేస్తే, ఆ ఫలితం రాలేదు. అంతకంటే బాధాకరమైనది ఆటిజం పిల్లల సంగతి. ఈ స్ప్రేతో తమ బిడ్డ పది మందిలో కలుస్తాడని ఎందరు తల్లిదండ్రులు ఆశపడ్డారో! 3 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు 290 మందితో 24 వారాలు నడిపిన పెద్ద ప్రయోగం ఫలితం 2021లో వచ్చింది. ఉత్త స్ప్రేకూ దీనికీ తేడా కనబడలేదు. ఆశ పెట్టడం సులువు, ఆ ఆశ పడిపోయినప్పుడు నేల మీద కూర్చునేది మాత్రం ఆ ఇంటివాళ్లు. వోల్ మెదడులో ఏ చోట రిసెప్టరు ఉందన్న ప్రశ్నతో ఏళ్లకేళ్లు కుస్తీ పట్టినవాళ్ల పనిని ఒక్క ముద్దుపేరుగా కుదించేస్తే జరిగేది ఇదే.

వోల్‌ల మీద పనిచేసేవాళ్లు మాత్రం తమ కథను తామే మళ్లీ తవ్వుకున్నారు. జంటగా బతికే ప్రెయిరీ వోల్ గూట్లో కొన్ని పిల్లలకు తండ్రి వేరే మగది అని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. దాచలేదు. కలిసి కాపురం చేయడం ఒకటి, శరీర సంబంధం ఇంకొకటి అని విడదీసి రాసుకున్నారు. మగవాళ్లలో కొందరు అసలు జంట కట్టకుండా తిరిగేవాళ్లు ఉన్నారని కూడా రాశారు. 2023లో ఇంకో పెద్ద దెబ్బ. కాలిఫోర్నియాలో దేవానంద్ మనోళి, నీరావ్ షా బృందాలు జన్యువులను కత్తిరించే క్రిస్పర్ కత్తెరతో, ఆక్సిటోసిన్ రిసెప్టరే లేని ప్రెయిరీ వోల్‌లను పుట్టించాయి. పాత పాఠం ప్రకారం అవి జంట కట్టకూడదు. కట్టాయి! జతవారి పక్కనే ఒదిగి కూర్చున్నాయి, కొత్తవారిని తరిమాయి. తల్లులైనవి పిల్లలకు పాలు కూడా ఇచ్చాయి, కాకపోతే పిల్లలు తక్కువ బతికాయి, బరువు తక్కువ ఉన్నాయి.

మరి ఇన్నేళ్ల పని అబద్ధమా అని మీరు అడగబోతున్నారు. కాదండీ. పెద్దయిన వోల్‌లో మందు ఇచ్చి రిసెప్టరును మూసేస్తే బంధం తడబడుతుంది, అది నిజమే. పుట్టుకతోనే అది లేకపోతే పెరిగే మెదడు ఇంకో దారి వెతుక్కుని ఉండవచ్చు. బతుక్కి అంత అవసరమైన బంధాన్ని ప్రకృతి ఒకే తీగకు వేలాడదీయలేదని నాకనిపిస్తుంది. రిసెప్టరు లేని అలాంటి వోల్‌లనే అనలీస్ బీరీ బృందం బర్క్‌లీలో ఇంకో ప్రశ్న అడిగింది. భార్యాభర్తల సంగతి సరే, స్నేహం సంగతేమిటి? మామూలు ప్రెయిరీ వోల్ ఒక్క రోజు కలిసి ఉంటే స్నేహితురాలిని గుర్తుపట్టి ఇష్టపడుతుంది. రిసెప్టరు లేనివాటికి దాదాపు వారం పట్టింది. నలుగురిలో వదిలితే తన స్నేహితురాలెవరో, పరాయిదెవరో అన్న పట్టింపు కూడా వాటిలో సడలింది. 2025లో వచ్చిన ఆ ఫలితం నాకు చాలా ముఖ్యమనిపించింది. ఆక్సిటోసిన్ కబురు అందకపోయినా బంధం పుడుతుంది. త్వరగా పుట్టదు, ‘వీళ్లే నావాళ్లు’ అన్న పట్టు అంతగా రాదు.

ఓదార్పు గురించి చెప్పకుండా మిమ్మల్ని లేవనివ్వను. 2016లో జేమ్స్ బర్కెట్, ల్యారీ యంగ్, కోతుల నడతను జీవితమంతా చదివిన ఫ్రాన్స్ డి వాల్ కలిసి ఒక పని చేశారు. జంటలో ఒకదాన్ని పక్కకు తీసుకెళ్లి, చిన్నపాటి షాకులతో బెదరగొట్టి తిరిగి తెచ్చారు. ఇంట్లో ఉన్నది పరుగున వచ్చి దాన్ని నాకడం, బొచ్చు దువ్వడం మొదలుపెట్టింది, మామూలుగా కంటే ఎక్కువసేపు. తాను ఏమీ చూడలేదు, అయినా జతది వణుకుతుంటే తనలోనూ ఆ కలవరం పుట్టింది. పరాయి వోల్ బాధపడితే మాత్రం అలా చేయలేదు. మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ అనే చోట ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటే ఆ ఓదార్పు ఆగిపోయింది. మనుషుల్లోనూ ఎదుటివారి నొప్పి చూసినప్పుడు ఆ ప్రాంతం కదులుతుంది. 2024 మార్చిలో వారం తేడాతో డి వాల్, యంగ్ ఇద్దరూ వెళ్లిపోయారు. యంగ్‌కు 56 ఏళ్లే. జపాన్‌లోని త్సుకుబాలో ఉండగా పోయాడు. వాళ్లిద్దరి పేర్లూ కలిసి ఉన్న ఆ పరిశోధన పత్రాన్ని ఇప్పుడు చదువుతుంటే మనసు బరువెక్కుతుంది.

పోయినవాళ్ల మాట వచ్చింది కాబట్టి కొలరాడోలోని బౌల్డర్‌లో జోయీ డొనాల్డ్‌సన్ ల్యాబు గురించి చెప్పి ముగిస్తాను. ఆమె అడుగుతున్నది విరహం గురించి, పోగొట్టుకోవడం గురించి. వోల్ ఒక మీట నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, ఒక తలుపు వెనక జతది, ఇంకో తలుపు వెనక పరాయిది. మెదడులో కోరికను రేపే రసాయనం డోపమిన్ ఎప్పుడెంత విడుదలవుతోందో సన్నటి కాంతి తీగతో చూస్తారు. జతవారి కోసం మీట నొక్కేటప్పుడూ, దగ్గరికి చేరినప్పుడూ న్యూక్లియస్ అకంబెన్స్‌లో డోపమిన్ ఎగిసింది, పరాయిదాని కోసం అంతగా ఎగియలేదు. తర్వాత జంటను 4 వారాలు విడదీశారు. వోల్ ఆయుష్షుకు అది చాలా పెద్ద ఎడబాటు. మళ్లీ కలిపితే ఒకరినొకరు గుర్తుపట్టాయి గానీ, ఆ ప్రత్యేకమైన డోపమిన్ ఉప్పెన మాత్రం రాలేదు. జతదైనా, పరాయిదైనా మెదడుకు ఒకటే అన్నట్టుంది. 2024లో వచ్చిన ఫలితం ఇది. మెదడు ఆ బంధాన్ని నెమ్మదిగా సడలించి, వోల్ మళ్లీ ఇంకొకరితో బతకగలిగేలా చేస్తోందా? మరి కొందరు మనుషుల్లో ఏళ్లు గడిచినా ఆ సడలింపు ఎందుకు రాదు? భర్త పోయిన పదేళ్లకు కూడా నిన్ననే పోయినట్టు ఉండిపోయే మనిషి మనందరి చుట్టాల్లోనూ ఒకరుంటారు. ‘ఏం చేస్తాం, మర్చిపోవాలి’ అని మనం చెప్పి చెప్పి అలసిపోయాం. ఆ మనిషి మెదడులో ఏ తలుపు ఇంకా తెరిచే ఉందో కనిపెట్టాలని బౌల్డర్‌లో వోల్ జంటలకు మీట నొక్కడం నేర్పుతున్నారు.